హాల్లో చెప్పిన మాట

నెత్తళ్ళు శుభ్రం చెయ్యడం ఎంత పనో తినేవాళ్ళకి తెలియదు. వేలెడంత లేని చేప. ఒక్కోదానికీ తల గిల్లాలి, పొట్ట నొక్కాలి, రాళ్ళుప్పు వేసి రుద్ది నాలుగు నీళ్ళు మార్చాలి. కిలో నెత్తళ్ళంటే గౌరీశ్వరికి గంట పైమాటే. ఆ గంటసేపూ ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని ఉంటే, ముందు గదిలో గురునాథరావు పేపరు మడత మార్చినప్పుడల్లా ఒక మాట అటు విసురుతాడు. ఆదివారం ఆయనకి సెలవు కాబట్టి మాటలు కూడా ఎక్కువ.

“ఊపిరి పీల్చుకోడం నేర్పుతన్నావంట. లిఫ్టులో శ్రీరామ్మూర్తి గారు అడిగినారు. మీ ఇంటావిడ క్లాసుకి రాకపోతే మా ఆవిడకి ఊపిరి ఆగిపోద్దేటండీ అని. నలుగురూ నవ్వీసినారు. నానేటి చెప్పాలి?”

“మీరూ నవ్వీయాల్సింది.”

“నవ్వినాను మరి. ఏడుస్తానేటి?”

గౌరీశ్వరి ఇంకో చేప తల గిల్లింది. ఈ వెటకారం ఆమెకి అలవాటైపోయింది. ఏడేళ్ళ కిందట గర్భసంచి తీసేశాక ఆరు నెలలపాటు ఆమెకి మంచం మీంచి లేవబుద్ధయ్యేది కాదు. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తున్నా కాలు కదిలేది కాదు. “ఏడవడానికేటుంది నీకు? గడ్డ తీసీసినారు, ఇంక సుఖమే కదా” అన్నాడు మొగుడు. అత్తగారు చోడవరం నుంచి చూడ్డానికొచ్చి పదిహేను రోజులుండి, ఇది పని లేక వచ్చిన జబ్బని తేల్చి వెళ్ళిపోయింది. ఆ పదిహేను రోజులూ అందరికీ వండి పెట్టింది గౌరీశ్వరే. చివరికి ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ మాత్రలు రాసి, వాటితో పాటు యోగా థెరపీ క్లాసుకి కూడా వెళ్ళమంది. మొదటిరోజు అక్కడ చేయించిందల్లా కుర్చీలో కూర్చోబెట్టి, పీల్చిన ఊపిరి కంటే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండేలా చూసుకోమనడమే. అయ్యాక టీచరు “ఎలా ఉందమ్మా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది. తన జవాబు కోసం అంతకు ముందెప్పుడైనా ఒక మనిషి అలా ఆగినట్టు గౌరీశ్వరికి గుర్తులేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆ సంగతే తల్చుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

తర్వాత ఆమె అదే చదువు చదివింది. వంటయ్యాక, బట్టలారేశాక, అప్పటికింకా ఇంట్లోనే ఉన్న కూతుర్ని కాలేజీకి పంపాక మిగిలిన సందుల్లో చదివి డిప్లమా తెచ్చుకుంది. పెదవాల్తేరులో వాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తున సమావేశాల హాలు ఒకటి ఖాళీగా పడుంటుంది. వారానికి మూడు రోజులు, పదకొండు నుంచి పన్నెండుంపావు దాకా ఆ హాలిమ్మని అసోసియేషన్ ప్రెసిడెంటు శ్రీరామ్మూర్తిని అడిగింది. మగవాళ్ళకి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చెయ్యాలనే షరతు మీద తాళం ఇచ్చాడు. మొదట నలుగురొచ్చారు. మూడో అంతస్తు టీచరు సుధారాణి ఒకరు. ఆమె బడికి దీర్ఘ సెలవు పెట్టి ఇంట్లో ఉంటోంది, సెలవెందుకో ఎవరికీ చెప్పేది కాదు. ఐదో మనిషి నాలుగో అంతస్తు హిమబిందు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, మొగుడు వెంకటేష్ పోర్టు దగ్గర గురునాథరావు పనిచేసే కంపెనీలోనే ఆయన కింద చేస్తాడు. ఆరో మనిషి కాసులమ్మ.

కాసులమ్మది జాలరిపేట. పదేళ్ళుగా ఆ అపార్ట్‌మెంట్‌లో గుమ్మం గుమ్మానికీ చేపలమ్ముతుంది. రెండేళ్ళ కిందట కొడుకు సింహాద్రి తెప్ప బోల్తాపడి పోయినప్పటి నుంచీ ఆమెకి గుండె దడ. “ఆ ఊపిరి సంగతేదో నాకూ సెప్పమ్మా, పడుకుంటే పీక నొక్కినట్టుంటంది” అని తనే అడిగింది. హాలంతా చేపల కంపు కొడుతుందని అసోసియేషన్‌వాళ్ళు అభ్యంతరం చెప్పారు. క్లాసయ్యాక హాలు నేనే తుడుస్తానని గౌరీశ్వరి చెప్పింది. చెప్పినట్టే తుడిచేది. కాసులమ్మ మాత్రం గంప ఖాళీ చేసుకుని, ఇంటికి పోయి తలారా స్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చేది. కళ్ళు మూసుకుని తుమ్మెదలా మూలిగే భ్రామరి చేసేటప్పుడు అందరికంటే పొడుగ్గా సాగేది ఆమె గొంతే. వీధుల వెంట చేపలని కేకేసి కేకేసి పెరిగిన ఊపిరి అది.

ఆ క్లాసులో ఒళ్ళు మెలితిప్పే ఆసనాలేం ఉండవు. కుర్చీలో కూర్చుని మెల్లగా చేతులెత్తడం, దించడం, ఊపిరి చూసుకోవడం, భ్రామరి, తర్వాత చాప మీద వెల్లకిలా పడుకోవడం. చివర పది నిమిషాలు ఎవరికైనా చెప్పాలనిపిస్తే చెప్పుకోవడం. ఇక్కడ చెప్పింది ఈ గది దాటకూడదని, ఎవరు చేరిన రోజున వాళ్ళ చేత, గౌరీశ్వరి ఆరుగురినీ ఒప్పించింది.

మూడో నెలలో ఒకరోజు పడుకున్న చోటే హిమబిందు వెక్కివెక్కి ఏడ్చింది. లేచి కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. మొదటి కాన్పులో నెత్తురాగక చచ్చి బతికింది. మళ్ళీ కడుపొస్తే ప్రమాదమని, ఐదారేళ్ళు ఆగమని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. అత్తగారు గంగాలమ్మ ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేసి, ఆడపిల్లకి మూడేళ్ళొచ్చాయి, ఇంక మగపిల్లాడు కావాలంటోంది. వెంకటేష్ తల్లి మాటకి ఎదురు చెప్పడు. అందుకని ఏడాదిగా ఆమె ఎవరికీ తెలియకుండా మాత్రలు మింగుతోంది. పాప డైపర్ల పొట్లంలో దాచుకుంటోంది. ఆ పొట్లం ఎవరైనా ముట్టుకోబోతే తనే పరుగెత్తి అందుకుంటుందట. గౌరీశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని, ఈ భయంతో ఒక్కదానివే ఉండకు, ఆ కాగితం రాసిచ్చిన డాక్టర్ల దగ్గరికే మళ్ళీ వెళ్దాం, నేనూ వస్తానంది.

ఇంటికొచ్చి డైరీలో రాసుకుంది. ఎవరి నిద్ర ఎలా ఉంది, దడ తగ్గిందా, ఏ సాధన పడింది, ఏది పడలేదు, అన్నీ రాసిపెట్టుకోమని చదువు చెప్పినవాళ్ళు నేర్పారు. పేర్లు రాయలేదు. ‘హి’ అని ఒక్క అక్షరం వేసి, మాత్రల సంగతి రెండు వాక్యాల్లో రాసింది. ఆ అపార్ట్‌మెంట్‌లో ‘హి’తో మొదలయ్యే పేరు ఇంకొకటి లేదని రాసేటప్పుడు ఆమెకి తట్టలేదు.

ఇది జరిగిన పదో రోజు, సోమవారం, హిమబిందు క్లాసుకి రాలేదు. కాసులమ్మ వచ్చింది గానీ చాప పరుచుకోలేదు. గోడకానుకుని నిలబడే ఉంది.

“హిమబిందమ్మకి బుగ్గ మీద వేళ్ళు తేలీసి ఉన్నాయి. పొద్దున్న సేపలియ్యడానికి పోతే సూసినాను. ఆ మొగుడు ఇల్లంతా ఎతికి మందుబిళ్ళలు ఒగ్గకుండా పారబోసినాడంట. ముసల్ది నా ముందే తిడతంది. ఆ మాట ఈ గదిలోంచే పోయింది. మనం ఆరుగురం. మోసింది ఎవులు?”

సుధారాణి కాసులమ్మ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. ఆ చూపు గౌరీశ్వరికి కనబడింది. తనూ మనసులో ఒక్కొక్కరినీ అనుమానించింది. అందరినీ అనుమానించింది గానీ తన ఇంటిని అనుమానించలేదు.

సాయంత్రం టీ అందిస్తుంటే గురునాథరావే తీశాడు ఆ ఊసు.

“మొత్తానికి ఎంకటేష్ గాడు పెళ్ళాన్ని దారిలో పెట్టుకున్నాడు. ఏడాదంట. ఏడాది బోల్తా కొట్టించింది ఆణ్ణి.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవులు చెప్పేదేటి? కరెంటు బిల్లు ఎతుకుతుంటే నీ పొత్తకం కనబడింది. సదివినాను. నా ఇంట్లో అలమార్లో ఉన్న పొత్తకం నాను సదవకూడదేటి? క్యాంటీన్లో సెప్పినాను. ఒరే, నీ ఇంట్లో ఏటవుతందో తెలుసునా అని. నా పేరు ఎత్తకురా అన్నాను. ఆడు మంచోడు, ఎత్తలేదు.”

గౌరీశ్వరి చేతిలో ట్రే గట్టు మీద పెట్టింది. వారానికి మూడు రోజులు అందరికీ నేర్పే ఊపిరి ఆ క్షణాన తనకే అందలేదు.

“ఆ పిల్లని కొట్టాడండీ.”

“మొగుడూ పెళ్ళాం అన్నాక ఒక దెబ్బ పడతాది. ఇదిగో, నువ్వు మాత్రం నోరెత్తకు. నాను సెప్పినానంటే శ్రీరామ్మూర్తి గారి ముందు నా మొహం ఏటవుతాది? ఎవులైనా అడిగితే కాసులమ్మ అను. సేపలమ్ముకునే మనిసి, పది గుమ్మాలు తిరుగుతాది. అందరూ నమ్మీస్తారు.”

ఆమె అనక్కర్లేకపోయింది. మర్నాటికే అపార్ట్‌మెంటంతా అనేసింది. గంగాలమ్మ లిఫ్టు దగ్గర నిలబడి, ఇంటి గుట్టు చేపలదాని చెవిలో వేస్తే ఊరుకుంటుందా అని గట్టిగా మాట్లాడింది. బుధవారం క్లాసుకి ముగ్గురే వచ్చారు. ముగ్గురూ కాసులమ్మ పేరే చెప్పుకున్నారు. గౌరీశ్వరి అక్కడే ఉంది. చాపలు మడత పెడుతూ ఉంది. ‘కాదు’ అని ఒక్క మాట గొంతు దాకా వచ్చి ఆగింది. ఆ మాటంటే ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. చెబితే సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈ హాలు పోతుంది, క్లాసు పోతుంది, బయటికి రావడానికి దొరికిన ఒక్క వంకా పోతుంది. మంచి పని నిలబడాలంటే ఒక అబద్ధాన్ని ఓర్చుకోవాలేమోనని కూడా అనుకుంది. అలా అనుకున్నానని తర్వాత చాలా రోజులు ఆమె తనని తాను ఎత్తిపొడుచుకుంది.

గురువారం పొద్దున్న బాల్కనీలో బట్టలారేస్తూ కిందకి చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్ కాసులమ్మని లోపలికి రానివ్వడం లేదు. కాసులమ్మ గంప కిందకి దించలేదు. నెత్తిన అంత బరువు పెట్టుకునే, ఎండలో, ఎందుకు రానివ్వవో చెప్పమని అడుగుతోంది. ఎంతసేపటికీ కదల్లేదు. తర్వాత తల కదపడానికి వీల్లేక కళ్ళు మాత్రం పైకెత్తి మేడ వైపు చూసింది. గౌరీశ్వరి తడి దుప్పటి వెనక్కి జరిగింది. జరిగాక, దుప్పటి నీళ్ళు కాళ్ళ మీద కారుతుంటే, తను దాక్కుందని అర్థమైంది. కొడుకుని సముద్రంలో పోగొట్టుకున్న ఆడది పదేళ్ళుగా తిరిగిన గేటు ముందు దొంగలా నిలబడి ఉంటే, ఊపిరి నేర్పే గౌరీశ్వరి దుప్పటి వెనక నిలబడి ఉంది.

ఆదివారం పదింటికి అసోసియేషన్ మీటింగు. ఆ మీటింగుల్లో ఆడవాళ్ళు వెనక కూర్చుని వింటారు, వంతు ప్రకారం టీ ఇస్తారు, మాట్లాడరు. ఆ నెల వంతు గౌరీశ్వరిది. ఆమె ట్రేతో హాల్లోకి వెళ్ళేసరికి శ్రీరామ్మూర్తి కాగితం చూసి చదువుతున్నాడు. బయటి అమ్మకందార్లని, ముఖ్యంగా కాసులమ్మని, ఇకపై లోపలికి రానివ్వకూడదని తీర్మానం. ముందు వరసలో గురునాథరావు, ఆయన పక్కన వెంకటేష్. వెనక కుర్చీల్లో గంగాలమ్మ, సుధారాణి, ఇంకొందరు ఆడవాళ్ళు.

గౌరీశ్వరి ట్రే తీసుకెళ్ళి ప్రెసిడెంటు బల్ల మీద పెట్టింది. ఎవరికీ కప్పు అందించలేదు.

“కాసులమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదండి,” అంది. ఆగి, ఊపిరి వదిలి, మళ్ళీ మొదలుపెట్టింది. “క్లాసులో విన్నది నేను డైరీలో రాసుకున్నాను. రాయడం నా తప్పు. మా ఆయన నన్ను అడక్కుండా అది చదివి, క్యాంటీన్లో వెంకటేష్‌కి చెప్పారు. వెంకటేష్ ఇక్కడే ఉన్నాడు. అడగండి.”

వెంకటేష్‌ని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. అతను తల దించుకుని ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఫోను స్క్రీను వెలగలేదు కూడా.

“ఒంట్లో బాగోలేదు దీనికి,” అన్నాడు గురునాథరావు నవ్వబోతూ. “ఆపరేషన్ అయిన కాడ్నుంచీ ఇలగే. పద ఇంటికి.”

“ఒంట్లో బాగానే ఉంది. ఆరు రోజులు నోరు మూసుకున్నాను, అప్పుడు బాగోలేదు.”

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. కాసులమ్మ మీద తీర్మానం పక్కకి పోయింది, దాని బదులు క్లాసు మీద తీర్మానం వచ్చింది. సంసారాల్లో చిచ్చు పెట్టే క్లాసులకి హాలు ఇవ్వకూడదన్నాడు శ్రీరామ్మూర్తి. తాళం ఇచ్చెయ్యమని చెయ్యి చాపాడు. ఇచ్చేసింది. గుమ్మం దగ్గర సుధారాణి దారి ఆపింది. గౌరీశ్వరి ఆమె నుంచి ఒక మంచి మాట ఆశపడింది.

“నా గురించి ఏటి రాసారు?” అంది సుధారాణి మెల్లగా. “అదీ చదివీసుంటాడు మీ ఆయన. ఇంక నేను లిఫ్టెక్కలేను.”

గౌరీశ్వరి తల వంచుకుని మెట్ల వైపు నడిచింది.

ఇంటికెళ్ళాక గురునాథరావు చెయ్యెత్తలేదు. కేకలేశాడు. నలుగురిలో బట్టలిప్పీసినావన్నాడు, ఇరవై నాలుగేళ్ళు తిండి పెట్టినానన్నాడు. ఆయన తిన్న తిండి ఇరవై నాలుగేళ్ళు వండిందెవరో ఆమె అడగలేదు. ఆయన అరుస్తున్నంతసేపూ బాత్రూమ్‌లో కూర్చుని డైరీ కాగితాలన్నీ చించి, బకెట్ నీళ్ళలో నానబెట్టి, సిరా కరిగి ముద్దయ్యేదాకా పిసికింది. మర్నాడు జాలరిపేట వెళ్ళింది.

కాసులమ్మ తెప్పల పక్కన గోనె పరిచి చేపలకి ఉప్పు పెడుతోంది. కూర్చోమనలేదు.

“మీటింగులో సెప్పినావంట. ఇన్నాను.”

“ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. భయపడ్డాను.”

“అయిదు రోజులు నన్ను దొంగని సేసి నువ్వు టీ కాసుకున్నావు.”

“అవును.”

కాసులమ్మ ఇంకా ఏదో సాకు వస్తుందని చూసింది. రాకపోయేసరికి చేతికంటిన ఉప్పు దులుపుకుంది.

“నీ మీద నాకు పేనం గట్టిగానే మండుతంది. అది అలగుండనీ. హిమబిందమ్మకి దడ ఎక్కువైపోనాది. నిన్న మీటింగయ్యాక బీరువా బద్దలుగొట్టినట్టు తీసి, డాట్రు కాయితం మొగుడి మొకాన పెట్టిందంట. సస్తే నీ తల్లి సాకుతాదా నా పిల్లని అని అడిగిందంట. ఇంక దాచీది ఏటీ నేదు గాబట్టి ధైర్యం వొచ్చింది. ఊపిరే అందట్లేదు. ఆ ముక్క నాను నేర్పలేను, నువ్వే నేర్పాల.”

“హాలు తాళం తీసేసుకున్నారు కాసులమ్మా.”

“మీ ఇల్లు నేదా? మాట ఏ ఇంట్లో పడిపోనాదో ఆ ఇంట్లోనే సెయ్యి. ఆదివారం సేపలు బేగి అయిపోతాయి, పదకొండుకొస్తాం.”

“ఆదివారం ఆయనుంటారు.”

“అందికే ఆదివారం. ఆ మనిసి ఇంట్లో లేనప్పుడు సాటుగా వొచ్చీదేటి? గుమ్మంలోంచి సూస్తాం. ఆయనుంటే అట్నించటే ఎల్లిపోతాం. మరి రాం.”

ఆ వారమంతా గురునాథరావు ఆమెతో మాట్లాడలేదు. వండింది తిన్నాడు, కంచంలోనే చెయ్యి కడిగాడు. ఆదివారం పదిన్నరకి బనీను, లుంగీతో టీవీ ముందు కూర్చున్నాడు. గౌరీశ్వరి టీపాయ్ గోడవార జరిపింది. కుర్చీలు వెనక్కి లాగి చాపలు పరిచింది. చాప కాళ్ళ దగ్గరికొచ్చినప్పుడు ఆయన చూడకుండానే కాళ్ళెత్తాడు, మళ్ళీ దించాడు.

“ఏటిదంతా?”

“హిమబిందు, కాసులమ్మ వస్తున్నారు. క్లాసు ఇంక ఇక్కడే.”

“రానీ. నాకేటి? నాను టీవీ సూసుకుంటాను.”

“మీరుంటే వాళ్ళు మాట్లాడరు. బయటికెళ్ళండి. పన్నెండున్నరకి రండి.”

ఆయన టీవీ మీంచి చూపు తిప్పాడు. “నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటన్నావా? ఈ ఇల్లు ఎవరి పేరునుందో తెలుసునా?”

“తెలుసు. ఇల్లు అడగట్లేదు.”

“ఎండలో నాను ఎక్కడికి పోవాలే?”

“అది మీరు చూసుకోండి.”

తలుపు తెరిచే ఉంది. పాపని చంకనేసుకుని హిమబిందు, పక్కన తడి జుట్టుతో కాసులమ్మ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డారు. వాళ్ళ వెనక, మెట్ల మలుపులో, పైకి రావాలో కిందకి పోవాలో తేలక సుధారాణి ఆగి ఉంది. ఎవరి మొహంలోనూ గౌరీశ్వరి మీద దయ లేదు. ఆమె ఏం చేస్తుందోనని చూస్తున్నారంతే.

గురునాథరావు వాళ్ళని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు. ఇంకోరోజు పెట్టుకుందాం లెండని ఆమె వాళ్ళకి సర్ది చెబుతుందని ఎదురుచూశాడు. ఇరవై నాలుగేళ్ళుగా అలాగే జరిగింది. గౌరీశ్వరి వంగి రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయేదాకా ఎవరూ కూర్చోలేదు.